ఖాలిదా ఆపా అరచేతిలో చిటికెడు కూర

మొన్న వికారాబాద్ నుంచి తాండూరు పోయే బండిలో ఎదురు సీటులో కూర్చున్న ఒకావిడ టిఫిన్ డబ్బా తెరిచింది. చుక్కకూర పప్పు. మెత్తగా ఉడికిన కందిపప్పు కమ్మదనం, దాని మీద చుక్కకూర పులుపు, ఆపైన ఎర్రగా వేగిన వెల్లుల్లి పోపు. ఆ వాసన పెట్టె అంతా కమ్ముకుంది. నన్ను అడగకుండానే నా కుడిచేయి ముందుకు జరిగి, అరచేయి పైకి తిరిగింది. ఆమె చూసేసింది. నేను గబుక్కున చేయి వెనక్కు లాక్కుని గాజులు సర్దుకుంటున్నట్టు నటించాను. నలభై దాటిన నర్సు, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, ముక్కూ మొహం తెలియని మనిషి డబ్బా ముందు చేయి చాపడమేమిటి? సిగ్గుతో చచ్చాననుకోండి. ఆమె మాత్రం నవ్వి, "జర రుచి చూడక్కా, ఏం కాదు" అంటూ ఇంత పప్పు నా అరచేతిలో పెట్టింది. నోట్లో వేసుకోగానే నా నాలుక తన పని తాను మొదలుపెట్టింది. ఉప్పు సరిపోయింది, ఆకు ఉడికిన నీళ్లు పారబోయలేదు, శభాష్. అప్పుడు నాకు నిజంగానే నవ్వొచ్చింది. ఈ పాడు అలవాటు నాకు అంటించింది ఖాలిదా ఆపా.

ఆపా అంటే ఉర్దూలో అక్క. మా ఆపా తాండూరులో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో పెద్ద నర్సుగా ఉండేది. నేను నర్సింగు చదువు ముగించి అక్కడ చేరేనాటికి ఆమెకు యాభై నిండాయి. పొట్టి మనిషి, బక్కపలచని చేతులు, ముక్కు మీదికి జారిపోయే కళ్లద్దాలు. నడవడం మొదలుపెట్టిందంటే ఆమె వెనక మేం పరుగెత్తాల్సిందే. వారానికి రెండు రోజులు మధ్యాహ్నం అన్నాల వేళకు మా డాక్టరు మమ్మల్ని ఊరి బయట నాపరాయి పాలిష్ చేసే చోటికి పంపేవాడు. అక్కడ పనిచేసేవాళ్లకు బీపీ చూసి, ఎక్కువున్నవాళ్లను దవాఖానకు రమ్మనడం మా పని. మొదటిరోజు నేను ఇస్త్రీ మడత నలగని తెల్లకోటు వేసుకుని, బీపీ మిషన్ పట్టుకుని, పరీక్ష రాయబోయే పిల్లలా వెళ్లాను. మిషన్లు ఆగాయి. రాతి పొడి కలిసిన బూడిదరంగు నీళ్లలో తడిసిన మనుషులు చేతులు కడుక్కుని వచ్చి నీడలో గుండ్రంగా కూర్చున్నారు. నేను పట్టీ విప్పి మొదటి మనిషి చేయి పట్టుకోబోతే ఆపా నా చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"గంత తొందరేంది పిల్లా? ముందు డబ్బాలు తెరువనీ."

అందరూ అదేదో రోజూ జరిగే తంతులాగా డబ్బాలు తెరిచారు. ఆపా అరచేయి చాపి ఒక్కొక్కరి ముందుకు వెళ్లింది. ఒక్కొక్కరూ చిటికెడు కూర పెట్టారు. ఆమె నాలుకకు అంటించుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. ఒకతని కూర రుచి చూసి, "మీ ఇంటామె ఉప్పు రెండుసార్లు ఏసింది. ఉడికేటప్పుడొకసారి, దించినంక ఒకసారి. పొద్దున ఏమన్న లొల్లి వెట్టుకున్నరా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. అతను సిగ్గుపడి తల గోక్కున్నాడు. కొట్లాట నిజమేనట. తర్వాత అతని బీపీ చూస్తే పైఅంకె నూట డెబ్బై దాటింది. నాకు ఇదంతా నాటకంలా తోచింది. మా కాలేజీలో ఎవరూ కూర రుచి చూడమని చెప్పలేదు మరి. తిరుగుదారిలో ఆ మాటే అన్నాను. ఆపా కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "మిషన్ గిప్పటి సంగతి జెప్తది. రేపు గీ మనిషికి ఏం జెయ్యాల్నో డబ్బా జెప్తది" అంది.

బీపీ వచ్చిన మనిషికి అప్పట్లో ఏ దవాఖానకు పోయినా 'వద్దు'ల జాబితానే చేతికొచ్చేది. ఉప్పు వద్దు, ఊరగాయ తొక్కు వద్దు, అప్పడం వద్దు, ఎండుచేప వద్దు. ఆపాకు ఆ జాబితా అంటే ఒళ్లుమంట. "గిన్ని వద్దంటే ఇంటికి వొయ్యి ఏం జేస్తడు? ఏడుస్తడు. ఏడ్చుకుంట తొక్కే తింటడు" అనేది. ఆమె ఉప్పు తగ్గించమని ఒక్కసారి చెప్పేది. ఆ తర్వాతంతా ఏమేం తినాలో చెప్పడమే. పాలకూర, చుక్కకూర, పుంటికూర, కందిపప్పు, టమాటాలు, గెనుసుగడ్డ, అరటిపండు, జామకాయ, అనంతగిరి గుట్టల నుంచి గంపల్లో దిగే సీతాఫలం. ఎందుకో కూడా చెప్పేది, కూలికి చెప్పినా డాక్టరుకు చెప్పినా ఒకే మాటల్లో. "ఉప్పు నీళ్లను పట్టుకొని ఒంట్ల కూసుంటది. గీ కూరలల్ల పొటాషియం అని ఒకటుంటది. అది ఉప్పును మూత్రం దిక్కు తోలుతది. రక్తం నడిచే నరాలు జర వదులైతయ్. గోళీ మాత్రం బంద్ వెట్టొద్దు, కూర గోళీకి తోడు." కర్ణాటక వైపు నుంచి వచ్చిన పనివాళ్లకు 'ఊట ఆయ్తా', అంటే భోజనం అయిందా, అని మొదలుపెట్టి తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిపి ఇదే పాఠం చెప్పేది. వాళ్లకు నాకంటే బాగా అర్థమయ్యేది.

ఇంత చెప్పే ముందు మాత్రం ఆపా ప్రతి మనిషినీ గొంతు తగ్గించి రెండు ప్రశ్నలు అడిగేది. కిడ్నీల పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావు? ఏమేం గోళీలు వేసుకుంటున్నావు? పరీక్ష చేయించుకోని మనిషికి పాఠం లేదు, ముందు దవాఖానకు రమ్మనేది. నేను ఆ ప్రశ్నలను కాగితం నింపడానికి అడిగేవనుకున్నాను. అక్కడే నా తెలివి తెల్లారింది, ఆ సంగతి ముందుముందు చెప్తాను.

ఈలోగా మా ఇంటి కథ చెప్పాలి. నేను రోజూ ఇంటి నుంచే బండిలో తాండూరు వచ్చిపోయేదాన్ని. మా నాయన వికారాబాద్‌లో దర్జీ. నర్సింలు కుట్టిన జాకెట్టు ఒంటికి పట్టినట్టు ఉంటుందని పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవారు. అలాంటి మనిషికి రెండు కళ్లలో శుక్లాలు ముదిరాయి. సూదిలో దారం అమ్మ ఎక్కించేది. కత్తిరింపు గీతలు అమ్మ చూపించేది. వచ్చినవాళ్లతో "చేతులకు కండ్లుంటయమ్మా" అని నవ్వేవాడు గానీ, ఒక పెళ్లివారి జాకెట్టు చంక దగ్గర తప్పుగా కత్తిరించిన రోజున మిషన్ మీద గుడ్డ కప్పి, సాయంత్రం దాకా దాన్ని తీయలేదు. ఆపరేషన్ కోసం కంటి శిబిరానికి రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ బీపీ ఎక్కువుంది, తగ్గించుకుని రా అని పంపేశారు. మళ్లీ శిబిరం నాలుగు నెలలకు. ఈసారి కూడా తిప్పి పంపితే మిషన్ అమ్మేస్తానన్నాడు. ఇంట్లో నేనే నర్సును. నా మాట వింటాడా? "ఉప్పు లేకుంటే అన్నమెట్ల దిగుతది బిడ్డా?" అని మామిడికాయ తొక్కు ఇంకో ముక్క వేసుకునేవాడు.

ఒక ఆదివారం ఆపా మా ఇంటికొచ్చింది. నేను పిలవలేదు, తనే బండెక్కి వచ్చేసింది. వస్తూనే నాయనతో, "భాయ్, నాకు రెండు తెల్లకోట్లు కావాలె. జేబులు పెద్దగుండాలె" అంది. నాయన మొహం వెలిగిపోయింది. కొలతల టేపు తెచ్చాడు. నాయన చెప్పిన చోట టేపు పట్టి అమ్మ కొలతలు తీసింది. ఆ వెంటనే ఆపా వంటింట్లోకి నడిచింది. అమ్మ పాలకూర ఉడకబెట్టి, ఆకుపచ్చటి నీళ్లన్నీ వంచి, మల్లెచెట్టుకు పోయబోతోంది. అలా వంచితేనే కూర రంగు బాగుంటుందని అమ్మ నమ్మకం.

"ఆగు చెల్లె!" అని ఆపా గిన్నె పట్టుకుంది. "గీ నీళ్లు తాగితే నీ మల్లెచెట్టు బీపీ మస్తు మంచిగుంటది గని, నీ పెనిమిటికేం మిగులుతది?"

అమ్మ నవ్వీ నవ్వీ పీట మీద కూలబడింది. ఆ నీళ్లు ఆనాడు పప్పులోకి పోయాయి. నాయన చూపించుకున్న డాక్టరు కాగితాలన్నీ తెప్పించి, పాత రక్తపరీక్ష చదివి, కిడ్నీలు బాగానే ఉన్నాయని చూసుకున్నాకే ఆపా నాయన ముందు కూర్చుంది. తొక్కు మానెయ్యమనలేదు. "తొక్కు తిను భాయ్. వారానికి ఒక్కరోజు. మిగిలిన దినాలు నిమ్మకాయ, ఎల్లిపాయ కారం, ఉప్పు సగం. రోజూ ఒక ఆకుకూర, ఒక పండు. నేను మళ్ల వస్త, కోట్లు తయారుంచు" అంది. నేను ఆరు నెలలు మొత్తుకుంటే కదలని మనిషి ఆమె కోట్ల కోసం కదిలాడు. బజారుకు పోయి గెనుసుగడ్డలు ఏరి తెచ్చాడు. రెండు నెలల్లో బీపీ మెల్లగా కిందికి రావడం మొదలైంది. అమ్మ అయితే వీధిలో ప్రతి ఇంటికీ పోయి, కూర నీళ్లు పారబోయొద్దని ప్రచారం చేసింది.

మెల్లగా అన్నానుగా, నాకు ఆ మెల్లగా నచ్చలేదు. శిబిరం దగ్గర పడుతోంది. అప్పుడే ఒక దుకాణంలో నాకు డబ్బా ఉప్పు కనిపించింది. మామూలు ఉప్పు తగ్గించి అందులో పొటాషియం కలిపినదట, బీపీ ఉన్నవాళ్లకు మంచిదని దాని మీద రాసి ఉంది. కూరలోని పొటాషియం మంచిదైతే డబ్బాలోది ఇంకా మంచిది కదా అనుకున్నాను. ఆపాను కూడా ఆశ్చర్యపరుస్తానని ఎవరికీ చెప్పకుండా కొన్నాను. నాయనకు పండగే. బీపీ తగ్గించే ఉప్పు అనేసరికి మందులాగా వాడాడు. కూరలో, మజ్జిగలో, జామకాయ ముక్కల మీద, ఆఖరికి టమాటా కోసుకుని దాని మీద కూడా చల్లుకున్నాడు. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు మధ్యాహ్నం తాండూరులో మేం డబ్బాలు తెరిచాం. ఆపా అలవాటుగా నా ముందు అరచేయి చాపింది. అమ్మ వండిచ్చిన బెండకాయ కూర పెట్టాను. ఆమె కళ్లు మూసుకుంది. తెరిచినప్పుడు మొహంలో నవ్వు లేదు.

"గీ చేదేంది?"

చెప్పాను. గర్వంగానే చెప్పాను.

"మీ నాయిన గీ నడుమ ఏ గోళీ ఏసుకుంటున్నడు? డాక్టరు ఏమన్న మార్చిండా?"

నెల కిందట మార్చాడు. పేరు చెప్పాను. ఆపా తన డబ్బా మూసేసింది. "గా గోళీ పొటాషియాన్ని ఒంట్లనే ఆపుతది పిల్లా. దాని మీదికెళ్లి నువ్వు గీ ఉప్పు తినిపిస్తున్నవ్. మన డాక్టరును అడిగినవా? రక్తపరీక్ష చేయించినవా? ఎక్కువైతే గుండె ఆగుతది, తెలుసా?" ఆమె అరవడం నేను అప్పుడే విన్నాను. వెంటనే తనే మా ఇంటికి ఫోన్ చేసి అమ్మతో ఆ డబ్బా తీసేయమని చెప్పింది. డాక్టరు నాయనను వెంటనే రక్తపరీక్షకు పంపమన్నాడు. మేమిద్దరం దొరికిన బండెక్కాం. దారి పొడుగునా నేను ఏడుస్తూనే ఉన్నాను. మా నాయన కళ్ల కోసం ప్రాణమే తీసేదాన్ని కదా అన్న మాట తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

కాసేపటికి ఆపా నా ఒళ్లో తన డబ్బా పెట్టి మూత తీసింది. సొరకాయ ముక్కలు, తెల్లగా, నీరసంగా, పోపు కూడా లేకుండా.

"నా కూర ఎన్నడన్న చూసినవా? కోసి, నానవెట్టి, మస్తు నీళ్లల్ల ఉడికిచ్చి, నీళ్లన్ని పారవోసి చేసుకుంట. నా కిడ్నీలు సగమే పనిచేస్తున్నయ్, పిల్లా. ఏడేండ్లాయె. మీ నాయినకు పారవోయొద్దన్న నీళ్లే నాకు పారవొయ్యాలె. పాలకూర లేదు, అరటిపండు లేదు, సీతాఫలం అసలే లేదు. అందుకే కిడ్నీల సంగతి అడుగుతా అందరిని. నన్ను ఎవరూ అడగలే. బీపీ ఉందని రోజూ కొబ్బరినీళ్లు తాగమన్నడు ఒక పెద్దమనిషి. నేను నర్సును, అయినా తాగిన. దవాఖానల పడ్డ."

నేను ఏడుపు ఆపేసి ఆమె వైపే చూస్తుండిపోయాను. రోజూ వందమందికి తినండి తినండి అని చెప్పే మనిషి, ఆ చెప్పినవాటిలో సగం నాలుకకు అంటించుకోవడంతోనే సరిపెట్టుకుంటోంది. మరి బాధగా ఉండదా అని అడిగాను. ఆమె కిటికీలోంచి బయటికి చూసి, "మొదట్ల ఉండె. ఇప్పుడు అందరి డబ్బాలు నావే అయినయ్ గద" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నిజంగానే సంతోషంగా ఉంది. అలాంటి సంతోషం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

నాయన రక్తంలో పొటాషియం ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువగానే ఉంది గానీ ప్రమాదం దాకా పోలేదు. డబ్బా ఉప్పు మానేశాక వారం తిరక్కుండానే మామూలుకు వచ్చింది. డాక్టరు కూరలూ పండ్లూ మితంగా కొనసాగించమన్నాడు. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. "బిడ్డ ప్రేమ జర ఎక్కువ చల్లింది" అని మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు.

మూడో శిబిరానికి ఆపా మాతో వచ్చింది. పొద్దున్నే అడిగితే తెలిసింది, వెనకటి రెండుసార్లూ పరగడుపున రమ్మన్నారు కదా అని నాయన బీపీ గోళీ కూడా వేసుకోకుండా వెళ్లాడట! ఆపా నెత్తి కొట్టుకుంది. అక్కడి డాక్టరును అడిగి ఒక గుక్క నీళ్లతో గోళీ వేయించింది. వరుసలో ఎవరో ముందుకు దూరితే నాయన కొట్లాటకు లేవబోయాడు. ఆపా భుజం పట్టి కూర్చోబెట్టి, వీపు కుర్చీకి ఆనించి, కాళ్లు నేలకు తాకించి, "మాట్లాడితే కోట్లకు వేరే దర్జీని చూసుకుంట" అని బెదిరించింది. మా నాయన జీవితంలో అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం అదొక్కసారే. అక్కడి నర్సు పట్టీ కట్టింది. గాలి ఎక్కింది, దిగింది. అమ్మ నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు పగిలింది.

"నూట ముప్పై ఆరు. లోపలికి రా, పెద్దాయనా."

ఒక కంటికి ఆపరేషన్ చేసి కట్టు విప్పిన మర్నాడు ఆపా చూడటానికొచ్చింది. నాయన గుమ్మంలోనే ఆమెను ఆపేసి కిందినుంచి పైదాకా చూశాడు. ఆమె వేసుకున్న తెల్లకోటు చూపు సరిగా లేనప్పుడు ఆయన కుట్టిందే. ఒక జేబు నడుము దగ్గర, ఇంకోటి దానికి బెత్తెడు కింద. మెడ పక్కకు వాలింది. అంచున కుట్టు వాగులాగా వంకర్లు తిరిగింది.

"చెల్లె! గీ కోటేసుకొని నువ్వు రెండు నెలలు తాండూరంత తిరిగినవా?"

"తిరిగిన. ఎవరు కుట్టిండ్రంటే నర్సింలు భాయ్ అని కూడ జెప్పిన."

నాయన తల పట్టుకున్నాడు. తర్వాత పడీపడీ నవ్వాడు, కొత్త కంట్లోంచి నీళ్లు కారేలా నవ్వుతుంటే ఆపా కన్ను తుడవొద్దని అరుస్తూ ఆయన చేతులు పట్టుకుంది. కన్ను కుదురుకున్నాక ఆయన మొదట కుట్టింది ఆమె కోట్లే. ఆపైన ఇంకో కన్ను చేయించుకుని ఎనిమిదేళ్లు మిషన్ తొక్కాడు.

ఆపా ఇప్పుడు కర్ణాటకలో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు వెళ్తుంది. అక్కడ కూడా పక్క మంచం వాళ్ల డబ్బాలు తెరిపించి వాసన చూస్తుందని చెల్లెలు ఫిర్యాదు చేస్తుంటుంది. నేను బొంరాస్‌పేట వైపు ఊళ్లు తిరుగుతూ బీపీ చూస్తున్నాను. ముందు డబ్బా, ఆపైన ఆ రెండు ప్రశ్నలు, అప్పుడు మిషన్. ఈ వరుస ఒక్కనాడూ తప్పలేదు.

పోయిన నెల ఒక ఊళ్లో ఒక పెద్దాయన నా మీద అలిగాడు. అతనికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇంటిపక్కవాళ్లకు పాలకూర, జామకాయ తినమని చెప్పి అతనికి వద్దన్నాను. "అందరికి తినుమంటవ్, నాకే బందంటవ్. నేనేం పాపం జేసిన?" అని మొహం తిప్పుకున్నాడు. కాగితం ఇచ్చి వచ్చేయొచ్చు. ఇంకా మూడు ఊళ్లు ఉన్నాయి. కానీ నేను అతని కోడలిని సొరకాయ తెమ్మన్నాను. కోసి నానబెట్టించాను, నిండా నీళ్లు పోసి ఉడికించి, నీళ్లన్నీ వంచేయించాను. రెండు పళ్లాల్లో వడ్డించమన్నాను. ఒకటి అతనికి, ఒకటి నాకు. ఉప్పు లేదు, కారం పేరుకే ఉంది. మొదటి ముద్ద గొంతు దిగనన్నది. అప్పుడు నాకు తట్టింది. అన్నేళ్లలో ఆపా నా డబ్బా రుచి చూడని రోజు లేదు. ఆమె డబ్బాలోంచి నేను ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు. ఆనాడు బండిలో నా ఒళ్లో పెట్టినప్పుడు కూడా చూసి మూత పెట్టేశాను. పెద్దాయన నన్ను ఓరకంట చూస్తున్నాడు. నేను తిన్నాను, పళ్లెం అడుగు కనిపించేదాకా. అతనూ తిన్నాడు.

బయటికొచ్చి ఆపాకు ఫోన్ చేశాను.

"ఆపా, ఇయ్యాల నీ కూర తిన్న."

 "ఎట్లున్నది?" అని అడిగింది.

"అస్సలు మంచిగ లేదు."

ఆమె నవ్వింది. దగ్గు వచ్చేదాకా, చెల్లెలు పక్కనుంచి ఏమైందని అడిగేదాకా నవ్వింది.

"మొత్తం తిన్నవా?"

"మొత్తం తిన్న ఆపా."

"అయితే నర్సువైనవ్ పో" అంది.